పట్టీలో ఉన్నది పట్టికలో ఉందా?

కలికిరి మండీలో వేలం ముగిశాక రైతు చేతికి వచ్చేది ఒక చిన్న కాగితం. దాన్ని పట్టీ అంటారు. ఎన్ని పెట్టెలు దిగాయి, ఏ ధరకు పాట ఆగింది, కమీషను ఎంత, హమాలీ ఎంత, లారీ బాడుగ ఎంత, మండీలో అంతకుముందు తీసుకున్న అప్పు కింద ఎంత పట్టుకున్నారు, చివరికి చేతికొచ్చేది ఎంత అన్నీ అందులోనే ఉంటాయి. నాలుగు నెలల చాకిరీ పది గీతల్లో ఇమిడిపోతుంది. ఇప్పుడు ఈ పట్టీలు చాలాచోట్ల కంప్యూటరులోంచే వస్తున్నాయి. ఆ కంప్యూటరు వెనక ఒక డేటాబేస్ ఉంటుంది. పట్టీ మీద కనిపించిన పది గీతలూ ఆ డేటాబేస్ పట్టికల్లో దేనికది విడిగా ఉన్నాయా? లేక చివరి మొత్తం ఒక్కటే మిగిలి తతిమ్మావన్నీ అచ్చు వేసిన క్షణంలోనే పోయాయా? ఆర్నెల్ల తర్వాత రైతు వచ్చి "ఆ పొద్దు బాడుగ రెండుసార్లు పట్టుకున్నట్టుంది, ఒకసారి చూడన్నా" అంటే చూపించడానికి ఏమైనా ఉంటుందా?

లెక్కల సాఫ్ట్‌వేర్ డేటాబేస్‌ను తిరగరాయడం గురించి ప్రపంచంలో నలభై ఏళ్లుగా చర్చ జరుగుతోంది. ఆ చర్చనంతా ఈ ఒక్క ప్రశ్నకు ముడిపెట్టి చూడాలని నా ఉద్దేశం. సాంకేతికంగా ఎంత అందమైన నిర్మాణమైనా ఆ రైతుకు జవాబు చెప్పలేకపోతే అది తప్పు నిర్మాణమే.

మండీల్లో జాక్‌పాట్ అని పిలిచే ఒక కోత ఉంది. మదనపల్లె చుట్టుపక్కల టమోటా రైతులు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నది దీని గురించే. నూరు పెట్టెలు దించితే కొన్ని పెట్టెలకు లెక్క కట్టరు. నూటికి ఐదు పోయాయనుకుందాం. పెట్టె నాలుగు వందలు పలికితే రైతుకు రావలసింది 40,000. పట్టీలో పడేది 95 పెట్టెలు, 38,000. ఆ రెండు వేలు ఏ ఖాతాలోనూ ఉండవు. కమీషనులో లేవు, హమాలీలో లేవు, ఖర్చుల్లో లేవు. ఎందుకంటే 'దిగిన పెట్టెలు' అని ఒక గడి, 'లెక్కకట్టిన పెట్టెలు' అని ఇంకో గడి ఆ పట్టికలో వేర్వేరుగా లేవు. ఉన్నది ఒకే గడి. అందులో 95 అని కొట్టగానే ఐదు పెట్టెలు లోకంలో లేకుండా పోయాయి. డేటాబేస్ నిర్మాణం అన్నమాట వింటే ఇంజనీర్ల గొడవ అనిపిస్తుంది గాని, గడి లేని కోతకు సాక్ష్యం ఉండదు. ఏ గడి ఉండాలో నిర్ణయించేవాడు ఏది కనిపించాలో కూడా నిర్ణయిస్తున్నాడు.

పాత గుమాస్తాలకు ఈ సంగతి తెలుసు. చిట్టాలో ఏ రోజుది ఆ రోజు జరిగింది జరిగినట్టు రాసేవాళ్లు. దాన్నుంచి ఆవర్జాలో ఎవరి ఖాతా వాళ్లకు ఎక్కించేవాళ్లు. ఏడాది చివర అంకణా, అంటే ట్రయల్ బ్యాలెన్స్, కుదిరితే రెండు వైపుల మొత్తాలూ సరిపోయినట్టు. 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పాచియోలీ జంట పద్దు పద్ధతిని వివరించినప్పుడు కూడా మొదట రోజువారీ పుస్తకం, ఆ తర్వాత ఖాతాల పుస్తకం అన్న వరుసే చెప్పాడు. చిట్టా మూలం, ఆవర్జా దాన్నుంచి పుట్టింది. తప్పు రాస్తే గీకేసి దిద్దడం మర్యాద కాదు, ఎదురు పద్దు రాయాలి. ఈ రెండు నియమాలనూ కంప్యూటరు యుగం తొలిరోజుల్లో చాలామంది వదిలేశారు. ఇప్పుడు జరుగుతున్న పునర్నిర్మాణాల్లో ఎక్కువ భాగం ఆ వదిలేసిన వాటిని వెతికి తెచ్చుకోవడమే.

ఎందుకు వదిలేశారంటే యంత్రాలు నెమ్మదిగా నడిచేవి. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో రిలేషనల్ పద్ధతిని ప్రతిపాదించాడు. ఒక వాస్తవాన్ని ఒకేచోట ఉంచు, మిగతావి దాన్నుంచి లెక్కకట్టు అన్నది ఆ ఆలోచనకు ఆయువుపట్టు. కాని అప్పటి యంత్రాల మీద ఒక ఖాతా నిల్వ కావాలన్నప్పుడల్లా వేల పద్దులు కూడుతూ కూర్చోవడం కుదిరేది కాదు. అందుకని నిల్వల్ని విడిగా దాచారు. నెలవారీ మొత్తాలు ఒక పట్టిక, చెల్లించని బిల్లులు ఒక పట్టిక, చెల్లించిన బిల్లులు ఇంకొక పట్టిక. ఒకే రూపాయి నాలుగుచోట్ల కూర్చుంది. మధ్యలో కరెంటు పోయి మూడుచోట్ల ఎక్కి నాలుగోచోట ఎక్కకపోతే ఏది నిజమో చెప్పేవాడు లేడు.

ఈ బరువును ప్రపంచంలోనే పెద్ద స్థాయిలో మోసింది వ్యాపార సాఫ్ట్‌వేర్ సంస్థ శాప్. పద్దులకు ఒక పట్టిక, మొత్తాలకు ఒకటి, ఖాతాదారుల బాకీలకు, సరఫరాదారుల బాకీలకు, అవి తీరినవాటికి వేర్వేరు పట్టికలు, కంపెనీ లోపలి ఖర్చుల లెక్కకు మళ్లీ వేరే లోకం. నెలాఖరుకు రెండు లోకాలూ సరిపోలాయా అని పోల్చి చూసుకోవడం ఒక ఉద్యోగమే. 2015లో వచ్చిన దాని కొత్త తరం సాఫ్ట్‌వేర్ ఎస్/4హానాలో అన్నిటినీ కలిపి ఒకే పద్దుల పట్టిక చేశారు. దానికి యూనివర్సల్ జర్నల్ అని పేరు. మొత్తాల పట్టికలు పోయాయి, కావాలన్నప్పుడు పద్దుల్లోంచే కూడుకుంటారు. చిట్టా ఒక్కటే మూలం అన్న మాటకు ఇంత పెద్ద సంస్థ తిరిగి రావడం చిన్న విషయం కాదు.

ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లలో ఇదే కథ ఇంకోలా నడిచింది. ఎస్‌క్యూఎల్-లెడ్జర్‌లో అమ్మకాలకు ఒక పట్టిక, కొనుగోళ్లకు ఒకటి, మామూలు పద్దులకు ఒకటి ఉండేవి. మూడింటి గీతలూ వెళ్లి ఒకే పద్దుల పట్టికలో పడేవి. ఆ గీత ఏ కాగితానిదో డేటాబేస్‌కు ఖచ్చితంగా తెలియదు. మూడు పట్టికల్లో ఎక్కడో ఉన్న ఒక సంఖ్య, అంతే. ప్రోగ్రాము సరిగ్గా నడిచినంత కాలం సరే, ఒక బిల్లు చెరిగిపోయి దాని గీతలు అనాథలుగా మిగిలినా డేటాబేస్ అడ్డుచెప్పదు. 2006లో దాన్నుంచి విడిపోయిన లెడ్జర్‌ఎస్‌ఎంబీ బృందం ఏళ్ల తరబడి చేసిన పని ఈ పునాదిని మార్చడమే. ఇల్లు ఖాళీ చేయకుండా పునాది మార్చడం ఎంత కష్టమో తెలుసుకోవాలంటే చూడవలసింది వాళ్ల ప్రయాణాన్నే. పద్దు గీతలన్నీ కూడితే సున్నా రావాలన్న నియమాన్ని, ప్రతి గీతకూ తల్లి కాగితం ఉండాలన్న నియమాన్ని తెర మీద కాదు, డేటాబేస్ లోపల కాపలా పెట్టాలని నేను గట్టిగా అనుకుంటాను. తెరలు మారుతుంటాయి. రేపు ఫోన్‌లోంచి ఎక్కిస్తారు, ఎల్లుండి ఎక్సెల్ నుంచి తోస్తారు. కాపలా లోపలుంటేనే అన్ని తలుపులకూ పనికొస్తుంది.

మన ఊళ్లలో లెక్కల సాఫ్ట్‌వేర్ అంటే టాలీయే. 1986లో బెంగళూరులో గోయెంకాలు మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ మదనపల్లె నుంచి కుప్పం దాకా ఎంతమంది డిగ్రీ పిల్లలకు తొలి జీతం ఇప్పించిందో చెప్పలేం. దాని డేటా నిల్వ సొంత పద్ధతి. ఓచరు మొత్తం ఒక ముద్దగా ఉంటుంది. గుమాస్తా మనసుకు అది దగ్గరగా ఉండటం వల్లే అంత తేలిగ్గా అలవాటైంది. ఆ తేలికలోనే ఒక ప్రమాదమూ ఉంది. ఆల్ట్, డీ నొక్కితే ఓచరు మాయం. దాని సంగతికి మళ్లీ వస్తాను.

డెబిట్, క్రెడిట్‌లనే మూలంగా దాచడం ఎందుకని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన విలియం మెకార్తీ 1982లో ఒక ప్రతిపాదన చేశాడు. వస్తువులు, జరిగిన సంగతులు, మనుషులు, ఈ మూడింటినీ నమోదు చేయండి, డెబిట్ క్రెడిట్లు వాటినుంచి ఎప్పుడైనా పుట్టించుకోవచ్చు అన్నాడు. కలికిరి మండీని ఈ కళ్లతో చూస్తే ఎంత తేటగా కనిపిస్తుందో. వస్తువు టమోటా పెట్టె. సంగతులు: దించడం, వేలం, కోత, చెల్లింపు. మనుషులు: రైతు, మండీ యజమాని, బయటి వ్యాపారి, హమాలీ. జాక్‌పాట్ ఇక దాక్కోలేదు, ఎందుకంటే దించిన సంగతి ఒక పద్దు, వేలం ఇంకో పద్దు, రెంటి మధ్య తేడాకు ఒక జవాబుదారీ పద్దు కావాలి. కాని మెకార్తీ పద్ధతిని పూర్తిగా పాటించిన వ్యాపార సాఫ్ట్‌వేర్లు అరుదు. ఆడిటరు వచ్చి అడిగేది చిట్టా, ఆవర్జా, అంకణాలే. అందుకే నాకు సబబనిపించేది రెండంతస్తుల ఇల్లు: కింద సంగతుల పట్టికలు, పైన ఒకే ఒక పద్దుల పట్టిక, రెండింటినీ కలుపుతూ తెగని గొలుసు. పై అంతస్తు ఒక్కటే కట్టి కింది అంతస్తు మానేయడమే ఇవాళ మన చిన్న సాఫ్ట్‌వేర్లలో కనిపించే లోపం.

అంకెల విషయం క్లుప్తంగా చెప్పొచ్చు గాని వదిలేయడానికి లేదు. మూడో వంతు దశాంశాల్లో తెగనట్టే 0.1 అనే సంఖ్య బైనరీలో తెగదు. డబ్బును ఫ్లోట్ రకం గడిలో దాస్తే పైసలు అక్కడక్కడా జారిపోతాయి. ఎస్‌క్యూఎల్-లెడ్జర్ నుంచి విడిపోయినవాళ్లు దిద్దుకున్న తొలి తప్పుల్లో ఇదొకటి. గ్నూక్యాష్ అనే ఉచిత లెక్కల సాఫ్ట్‌వేర్ అయితే ప్రతి మొత్తాన్నీ లవం ఒక గడిలో, హారం ఇంకో గడిలో దాస్తుంది. బళ్లో నేర్చుకున్న భిన్నం అన్నమాట.

పుంగనూరు వైపు పాలకేంద్రాల్లో దీని అసలు పరీక్ష జరుగుతుంది. పొద్దున 6.3 లీటర్లు, వెన్నను, ఎస్‌ఎన్‌ఎఫ్‌ను (పాలలో వెన్న కాని ఘనపదార్థాన్ని) బట్టి ఆ పూట ధర లీటరుకు 37.45 అయితే వచ్చేది 235.935. ఆ అర పైసా ఎటు? ప్రతి పూటా సవరిస్తే ఒక మొత్తం, పక్షం చివర ఒకేసారి సవరిస్తే ఇంకో మొత్తం. రెండూ తప్పు కాదు. ఏది పాటించారో రాసి ఉండకపోవడం, సవరణలో మిగిలిన పైసలకు సొంత ఖాతా లేకపోవడం తప్పు. ఇక వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్, ఆనాటి ధరల పట్టిక, ఇవన్నీ పూటపూటకూ దాచకుండా వచ్చిన రూపాయలు మాత్రమే దాచితే పాడి మనిషి వాదించడానికి ఏమీ మిగలదు. కొలతలదీ ఇదే గొడవ. కోలారు మార్కెట్టులో టమోటా పెట్టె 15 కిలోలు, మన మండీల్లో పెట్టె అంతకంటే పెద్దది. 'పెట్టెలు: 100' అని మాత్రమే రాసుకున్న డేటాబేస్, రెండు ఊళ్ల సరుకును కలిపి కూడిన రోజున అబద్ధం చెబుతుంది. 2023 జులై చివర్లో మదనపల్లెలో కిలో టమోటా 200 రూపాయల దరిదాపుల్లో పలికింది. ఆ రోజుల్లో పెట్టెకు కిలో తేడా అంటే రెండు వందల తేడా.

పునర్నిర్మాణాల్లో అందరూ ఆలస్యంగా గుర్తించేది కాలాన్ని. కలికిరి చిత్తూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. మదనపల్లె కూడా అప్పుడే వెళ్లింది. పుంగనూరు, కుప్పం అప్పుడు చిత్తూరులోనే ఉండిపోయాయి. ఖాతాదారు చిరునామాలో జిల్లా పేరు మార్చేస్తే 2019 నాటి బిల్లు తిరిగి తీసినప్పుడు అందులో కూడా అన్నమయ్య జిల్లా అని పడుతుంది. 2019లో ఆ పేరుతో జిల్లాయే లేదు. అంతకుముందు ఇంకా పెద్ద మార్పు చూశాం. ఉమ్మడి రాష్ట్రంలో వ్యాపారి పన్ను సంఖ్య 28తో మొదలయ్యేది. 2014లో రాష్ట్రం రెండయ్యాక తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37 వచ్చాయి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు ఆ కోడ్‌లే దాని సంఖ్య మొదట్లో చేరాయి. రాష్ట్రం కోడ్ ఎప్పటికీ మారదనుకుని కట్టిన సాఫ్ట్‌వేర్లన్నీ మరమ్మతుకు వచ్చాయి.

కుప్పం వ్యాపారికి రాష్ట్రం కోడ్ రోజువారీ సంగతి. ఒకపక్క కర్ణాటక, 29. ఇంకోపక్క తమిళనాడు, 33. ప్లాస్టిక్ పెట్టెలు ఊళ్లోనే అమ్మితే కేంద్ర, రాష్ట్ర పన్నులు రెండుగా చీలాలి, సరిహద్దు దాటిస్తే ఐజీఎస్టీ ఒక్కటే పడాలి. తాజా టమోటాకు జీఎస్టీ లేదు. అదే టమోటా కెచప్ అయితే 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమైంది. వస్తువు పట్టికలో 'పన్ను: 12' అని ఒక గడి పెట్టినవాళ్లు ఆ రోజు దాన్ని 5గా దిద్దారు. మర్నాడు ఆగస్టు బిల్లు ఒకటి వెనక్కి వచ్చింది. దానికి క్రెడిట్ నోటు వేయాలంటే ఏ రేటు తీయాలి? ధర, పన్ను, జిల్లా, పేరు, వీటిలో ప్రతిదానికీ 'ఎప్పటినుంచి', 'ఎప్పటిదాకా' అన్న రెండు తేదీలు ఉండాలి. బిల్లు వేసిన క్షణంలో ఏది అమల్లో ఉందో బిల్లులోనే నకలు దాచాలి. ఒక వాస్తవం ఒకేచోట ఉండాలన్న కాడ్ నియమానికి ఇది విరుద్ధం కాదు. ఆనాటి రేటు, ఈనాటి రేటు రెండు వేర్వేరు వాస్తవాలు.

ఇక చెరిపేయడం సంగతి. కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ తేదీతో నమోదు చేసే ఆడిట్ ట్రెయిల్ ఉండి తీరాలని, దాన్ని ఆపడానికి వీలుండకూడదని కేంద్రం నియమం చేసింది. రెండుసార్లు వాయిదా పడి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. టాలీ ఎడిట్ లాగ్ తెచ్చింది. ముంబయికి చెందిన ఈఆర్‌పీనెక్స్ట్ అనే సాఫ్ట్‌వేర్ పదమూడో వెర్షన్‌లో ఇంకో అడుగు ముందుకేసింది: పద్దు రద్దు చేస్తే అది చెరిగిపోదు, ఎదురు పద్దు పడుతుంది. మన పాత గుమాస్తా నియమమే మళ్లీ వచ్చింది. కాని ఈ చట్టం కంపెనీలకే. మండీలు ఎక్కువగా సొంత వ్యాపారాలు, భాగస్వామ్యాలు. రైతు లెక్క ఉన్నచోట ఈ రక్షణ లేదు. ఎడిట్ లాగ్, ఎదురు పద్దు ఒకటి కావని కూడా చెప్పాలి. లాగ్ అన్నది దిద్దిన తర్వాత దొంగను పట్టే కెమెరా. ఎదురు పద్దు అసలు దిద్దడానికే వీలివ్వదు. డేటాబేస్‌ను తిరగరాసే అవకాశం వచ్చినవాళ్లు రెండోదాన్నే ఎంచుకోవాలి.

లెక్కను జాడ లేకుండా మార్చే వీలు ఎంత ప్రాణాంతకమో బ్రిటన్ పోస్టాఫీసులు చూపించాయి. హొరైజన్ అనే లెక్కల వ్యవస్థలో తేలిన లోటును పట్టుకుని 1999 నుంచి 2015 మధ్య తొమ్మిది వందల మందికి పైగా సబ్ పోస్టుమాస్టర్లను, సిబ్బందిని దోషులుగా తేల్చారు. వారిలో భారతీయ మూలాలున్నవారు కూడా ఉన్నారు. కొందరు జైలుకు వెళ్లారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ సాఫ్ట్‌వేర్‌లోని లోపాలవల్లే లోటు చూపించి ఉండవచ్చని, శాఖల ఖాతాల్లోకి దూరంనుంచి ప్రవేశించి మార్చే వీలుందని 2019లో హైకోర్టు తేల్చింది. 2024లో పార్లమెంటు చట్టం చేసి శిక్షలు రద్దు చేసింది. పద్దు ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో పద్దే చెప్పలేకపోతే, చెప్పాల్సిన భారం కౌంటరు వెనక కూర్చున్న మనిషి మీద పడుతుంది.

మన దగ్గర ఇంత పెద్ద ఎత్తున లెక్కల పునాది మారుతున్నది సింగిల్ విండోల్లో, అంటే ప్రాథమిక సహకార పరపతి సంఘాల్లో. అలాంటి 63,000 సంఘాలను కంప్యూటరీకరించడానికి 2,516 కోట్ల రూపాయలతో కేంద్రం 2022 జూన్‌లో ఆమోదం ఇచ్చింది. నాబార్డు నడిపిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌కు 2,037 సంఘాలు మంజూరయ్యాయి. దేశమంతటికీ ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే లెక్కల పద్ధతి. 2004లో నియమించిన వైద్యనాథన్ కమిటీ తర్వాత ఉమ్మడి లెక్కల విధానం గురించి మొదలైన ప్రయత్నానికి ఇది కొనసాగింపు. సభ్యుడి వాటా, పంట రుణం, బంగారం మీద అప్పు, ఎరువుల అమ్మకం, ఇన్నాళ్లూ వేర్వేరు పుస్తకాల్లో నడిచినవన్నీ ఇప్పుడు ఒకే చోట పడాలి. నా లెక్కన ఇది మన పల్లెల్లో జరుగుతున్న మంచి పనుల్లో ఒకటి. కాగితాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో దస్త్రాలు తగలబడ్డప్పుడు అందరం చూశాం.

అయితే ఇలాంటి పనిలో కొత్త పట్టికలు గీయడం తేలిక, పాత పుస్తకం ఎక్కించడమే కష్టం. సభ్యుడి పేరు ఒక పుస్తకంలో ఇంటిపేరుతో, ఇంకో పుస్తకంలో తండ్రి పేరుతో ఉంటుంది. చనిపోయిన తండ్రి అప్పు కొడుకు పేర నడుస్తుంటుంది. వడ్డీ ఏ తేదీదాకా కట్టారో చేతిరాతలో చుక్కగా ఉంటుంది. ఇవన్నీ దాటుకుని 'ప్రారంభ నిల్వ' అని ఒక్క అంకె ఎక్కించేస్తే పని అయినట్టే కనిపిస్తుంది, అంకణా కూడా కుదురుతుంది. కాని ఆ ఒక్క అంకె వెనక ఇరవై ఏళ్ల పద్దులు సమాధి అవుతాయి. అన్నీ ఎక్కించడం అసాధ్యమని నాకు తెలుసు. కనీసం ప్రతి ప్రారంభ నిల్వకూ అది ఏ పుస్తకం, ఏ పేజీ, ఎవరు సరిచూశారు, సభ్యుడు ఒప్పుకున్నాడా లేదా అన్న నాలుగు గడులు ఉండాలి. ఒప్పుకోని నిల్వలకు వేరే ఖాతా ఉండాలి. పాత పుస్తకం పేజీల ఫోటో దానికి అతికించి ఉండాలి. ఈ నాలుగు గడుల ఖర్చు దాదాపు సున్నా. అవి లేకపోతే మాత్రం పాత తప్పు కొత్త కంప్యూటరు ముద్రతో నిజమైపోతుంది.

నిల్వలు దాచాలా, ఎప్పటికప్పుడు కూడాలా అన్న పాత తగువుకు మన స్థాయిలో అర్థం లేదు. ఒక మండీ ఏడాది పద్దులు కొన్ని లక్షల గీతలు దాటవు. ఇవాళ్టి మామూలు కంప్యూటరు వాటిని రెప్పపాటులో కూడుతుంది. వేగం కోసం దాచినా చెరిపేసి మళ్లీ పద్దుల్లోంచి పుట్టించుకోగలగాలి, అలా పుట్టినది పాతదానితో సరిపోలాలి. ప్రతి రాత్రీ ఆ పోలిక నడిపి తేడా వస్తే పొద్దున్నే చెప్పే సాఫ్ట్‌వేర్ నాకు నమ్మకమైనది.

కలికిరిలో 2013 నుంచి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. డేటాబేస్ పాఠంలో ఎక్కడైనా ఉద్యోగి, శాఖ, విద్యార్థి, సబ్జెక్టు ఉదాహరణలే ఇస్తారు. అక్కడి పిల్లలు ఒక పొద్దున మండీకి వెళ్లి, ఒక రైతు పట్టీ అడిగి తీసుకుని, అందులోని ప్రతి గీతా ఎక్కడినుంచి పుట్టిందో గీసుకుంటూ వస్తే, దిగిన పెట్టెలకూ లెక్కకట్టిన పెట్టెలకూ వేర్వేరు గడులు ఎందుకు కావాలో ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు. ఆ పట్టీకి పట్టికలు గీసిన పిల్లలే రేపు సింగిల్ విండోలో పాత పుస్తకం ఎక్కించేటప్పుడు గుమాస్తా పక్కన కూర్చోవాలి.